చెవి మేస్త్రి నీళ్లలో దిగాడు

"మీ గడియారం కాస్త బయట పెట్టి వస్తారా సార్?" అంది లైబ్రేరియన్.

చెవి మేస్త్రి పేపరులోంచి తలెత్తాడు. చేతికి గడియారం లేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించాడు. ఆవిడ ఆయన జేబు వైపు చూసింది. జేబులో కళ్ళజోడు తప్ప ఏమీ లేదు. పక్క కుర్చీలో పరీక్షకు చదువుకుంటున్న అమ్మాయి పుస్తకం మూసి ఆయన్నే చూస్తోంది. ఎదురుగా ఉన్న పెద్దమనిషి ఎందుకైనా మంచిదని తన సంచీ తీసుకుని తలుపు దగ్గరి బల్లకు మారిపోయాడు.

"అది తీసి పెట్టేది కాదమ్మా. లోపల కుట్టేశారు."

మేస్త్రి చొక్కా పై గుండీ తీసి, మెడ కింద మొదలయ్యే గాటు చూపించాడు. లైబ్రేరియన్ మొహం కందిపోయింది. "అయ్యో, తెలీక అన్నాను. కూర్చోండి సార్, కూర్చోండి" అంటూ వెళ్ళిపోయింది. అందరూ మళ్ళీ పుస్తకాల్లో తలలు పెట్టారు. ఒక్కరూ పేజీ తిప్పడం లేదు. వింటున్నారు.

టిక్. టిక్. టిక్.

మేస్త్రి పేపరు మడిచి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, బయటికి నడిచాడు. ఆయన్ని పొమ్మనకుండా పొగబెట్టిన చోట్లలో లైబ్రరీ మొదటిదేమీ కాదు.

ఆయన అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. నీటి సరఫరా శాఖలో చేరిన కొత్తలోనే చెవి మేస్త్రి అయిపోయాడు. రోడ్డు కింద ఎక్కడో పైపు పగులుతుంది. నీళ్ళు పైకి రావు, మట్టిలోకి ఇంకిపోతుంటాయి. ఎక్కడ తవ్వాలో ఎవరికీ తెలియదు. అప్పుడు ఈయన్ని పిలుస్తారు. పొడుగాటి ఇనుప కడ్డీ ఒకటి తెచ్చి, ఒక కొస నేల మీద ఆనించి, రెండో కొసకున్న చెక్క గిన్నెను ఎడమ చెవికి అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టి వింటాడు. ఇనుములోనూ నీళ్లలోనూ శబ్దం గాలిలో కంటే గట్టిగా, దూరంగా పోతుంది. వీధి ఆ చివర కారే పగులును ఈ చివర నుంచి పసిగట్టేవాడు. కడ్డీని అటూ ఇటూ జరిపి, చివరికి సుద్దముక్కతో నేల మీద ఒక సున్నా చుట్టేవాడు. ఆ సున్నాలో గునపం దిగితే నీళ్ళు చిమ్మాల్సిందే.

"గోడలకు చెవులుంటాయని విన్నాం గానీ, రోడ్డుకు చెవి పెట్టే మనిషిని నిన్నే చూశాం" అనేవారు తోటివాళ్ళు.

ఆయనకున్నది ఒకటే పట్టుదల. వినే ముందు చుట్టుపక్కల పంపులన్నీ ఆపించాలి. ఇంజినీరు తొందర పెట్టినా, వీధివాళ్ళు తిట్టిపోసినా, పంపు నడుస్తుంటే కడ్డీ ముట్టేవాడు కాదు. "పెద్ద చప్పుడు చిన్న చప్పుణ్ణి దాస్తుంది, చంపదు" అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడు.

అలాంటి మనిషికి గుండెలో కవాటం పాడైంది. మెట్లెక్కుతూ పడిపోతే ఆసుపత్రికి మోసుకెళ్ళారు. సర్జన్ ఆయన భార్యను పక్కకు పిలిచి అడిగాడు. కొత్త వాల్వు రెండు రకాలు. జంతువు కణజాలంతో చేసింది పెడితే కొన్నేళ్ళకు మళ్ళీ ఛాతీ కోసి మార్చాలి. లోహంతో చేసింది పెడితే ఆయన ఉన్నన్నాళ్ళూ ఉంటుంది, కాకపోతే సన్నగా చప్పుడు చేస్తుంది. "అలవాటైపోతుందమ్మా" అన్నాడు సర్జన్. మళ్ళీ కోత అనే మాట వినగానే ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. లోహందే పెట్టమంది. ఎవరైనా అదే చెబుతారు.

అందరికీ అలవాటైపోతుందేమో. జీవితమంతా చిన్న చప్పుళ్ళు పట్టడమే పనిగా బతికిన చెవికి ఎలా అలవాటవుతుంది?

పనికి తిరిగి వెళ్ళిన మొదటి రోజే తెలిసిపోయింది. ఒక పాఠశాల ముందు లీకు. పంపులు ఆపించారు. మేస్త్రి కడ్డీ ఆనించి, చెవి అదిమి, ఊపిరి బిగబట్టాడు. కడ్డీ నిండా తన గుండే. ఛాతీలోంచి చేతిలోకి, చేతిలోంచి ఇనుములోకి, ఇనుములోంచి చెవిలోకి. టిక్, టిక్. ఆ టిక్కుల సందుల్లో పగులు ఎక్కడుందో వెతుక్కుంటూ ఒక సున్నా చుట్టాడు. తవ్వితే పొడి మట్టి వచ్చింది. ఇంకో సున్నా. పొడి మట్టి. మూడో గొయ్యి తవ్వేటప్పుడు గునపం పట్టినవాళ్ళు ఆయన మొహం వైపు చూడటం మానేశారు. ఇంజినీరు మంచివాడు. భుజం మీద చెయ్యి వేసి, "కొన్నాళ్ళు స్టోర్సులో కూర్చోండి మేస్త్రి గారూ, నీడపట్టున ఉంటుంది" అన్నాడు. స్టోర్సులో పైపు ముక్కలు, బోల్టులు, ఒక కుర్చీ. రోజంతా ఆ గదిలో ఆయనా, ఆ చప్పుడూ.

ఇంట్లో భార్య కొన్నాళ్ళు ఓర్చుకుంది. తరవాత, "నేను అటూ ఇటూ దొర్లితే మీకు నిద్రాభంగం" అని తలగడ తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. "అవును, నాకు కాస్త చోటు కావాలి" అన్నాడు ఆయన. ఇద్దరూ ఎదుటివాళ్ళ కోసమే అబద్ధం చెప్పారు. ఇద్దరికీ తెలుసు. ఆ చప్పుడు పెట్టించింది తానేనని ఆవిడ మనసులో ముల్లు. ఆ ముల్లు తనవల్ల కదులుతోందని ఈయన మనసులో ఇంకో ముల్లు.

అప్పుడు దిగాడు బావమరిది.

భార్య తమ్ముడు డ్రైవింగ్ స్కూల్ మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో, కాలి కింద రెండో బ్రేకుతో, జీవితం గడిపేశాడు. అందుకని ఏ కుర్చీలో కూర్చున్నా, ఎదుటివాళ్ళు కాస్త వేగంగా మాట్లాడితే చాలు, కుడికాలు నేలను తొక్కుతుంది. నోటికి మాత్రం బ్రేకు లేదు.

"బావా, మా స్కూల్లో ఒకమ్మాయి చేరింది. సముద్రం కింద ఈత నేర్పే టీచరు. వీపుకు సిలిండరు కట్టుకుని దిగుతారే, అది. నీళ్ల కింద చేపలా తిరుగుతుందట గానీ, స్టీరింగు చేతికిస్తే నా ప్రాణాలు నీళ్లలో కలిపేట్టుంది. నిన్న చెట్టెక్కించబోయింది."

"ఒరేయ్, ఆయన్ని కాసేపు పడుకోనివ్వరా" అంది వంటింట్లోంచి అక్క.

"పడుకోమనే చెప్తున్నా అక్కా. ఆ అమ్మాయి ఏమంటుందో తెలుసా? మాస్టారూ, మీ రోడ్డు మీద హారన్లకు పిచ్చెక్కిపోతోంది, మా నీళ్ల కిందైతే ఎంత నిశ్శబ్దమో, అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది అంటుంది."

మేస్త్రి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఏమంది? మళ్ళీ చెప్పు."

"ఎంత నిశ్శబ్దమో అంది."

ఆశపడ్డవాడికి కళ్ళు మూసుకుపోతాయంటారు. మేస్త్రికి చెవులు మూసుకుపోయాయి. నీళ్ళు శబ్దాన్ని ఎలా మోస్తాయో ఊళ్ళో అందరికంటే బాగా తెలిసిన మనిషి, ఆ మాట వినగానే తెలిసిందంతా పక్కన పెట్టేశాడు. మర్నాడే గుండె డాక్టరు ముందు కూర్చున్నాడు.

"నీళ్ల కిందికా?" అన్నాడు డాక్టరు. "నడవండి, మొక్కలు పెంచండి. ఈ వయసులో అదెందుకు?"

"చప్పుడు లేని చోట కాసేపు కూర్చోవాలని ఉంది."

డాక్టరు కొంచెం సేపు ఏమీ అనలేదు. ఆ మౌనంలో ఇద్దరికీ వినిపించింది. తరవాత మేస్త్రిని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించారు, స్కాన్ తీశారు. గుండెకు వంక పెట్టడానికేమీ లేదు.

"నా భయం గుండె గురించి కాదు, చెవి గురించి" అన్నాడు డాక్టరు. "లోతుకు పోయేకొద్దీ నీళ్ళు చెవిని లోపలికి నొక్కుతాయి. మామూలువాళ్ళకు సన్న నరం చిట్లితే రక్తం గడ్డకట్టి ఆగిపోతుంది. మీరు రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు. ఆ వాల్వు ఉన్నంతకాలం మానడానికి లేదు. మీకు అంత తేలిగ్గా ఆగదు. రెండు నిలువుల లోతు దాటకండి. చెవి కాస్త బిగిసినా వెనక్కి వచ్చేయండి. అసలు వద్దనే నా సలహా. కాదూ వెళ్తానంటే, ఇవి షరతులు."

మేస్త్రి షరతులన్నీ శ్రద్ధగా విన్నాడు. వినడం ఆయన వృత్తి. పెడచెవిన పెట్టడం మాత్రం ఆ రోజే కొత్తగా మొదలుపెట్టాడు.

భార్య ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి తమ్ముడికి ఫోన్ చేసింది.

"నువ్వే ఎక్కించావు ఆయన బుర్రలో. నువ్వే వెంట వెళ్ళు."

"అక్కా, నాకు బకెట్లో నీళ్ళు చూస్తేనే చలి."

"బావ పక్కన నువ్వు లేకపోతే నా గడప తొక్కకు."

అలా యాభై దాటిన బావమరిదీ, అరవైకి దగ్గరపడ్డ బావా జోడీ అయ్యారు. జోడీ లేనిదే ఎవరూ దిగకూడదని టీచరు మొదటి రోజే చెప్పింది. పొట్టి జుట్టు, గట్టి గొంతు, ముప్ఫై లోపు వయసు. రోడ్డు మీద భయపడే పిల్ల ఇదేనా అనిపించేలా ఉంది నీళ్ల పక్కన.

"రెండే మాటలు అంకుల్. మొదటిది, చెవులు. దిగుతున్నప్పుడు ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాలి. చెవి తెరుచుకోకపోతే ఆగిపోవాలి. రెండోది, ఊపిరి. నీళ్ల కింద ఎప్పుడూ, ఎప్పుడంటే ఎప్పుడూ, ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి పైకి వస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరుగుతాయి. బుడగలు వస్తూనే ఉండాలి. నేను మీ మొహాలు చూడను, బుడగలే చూస్తాను."

"నా మొహం చూడనివాళ్ళలో నువ్వు కొత్తగా చేరావన్నమాట" అన్నాడు బావమరిది.

"మాస్టారూ, మీరు నన్ను క్లచ్ గురించి ఎలా తిడతారో, నేను మిమ్మల్ని అలాగే తిడతాను. రెడీనా?"

స్విమ్మింగ్ పూల్ ఒక పాత వ్యాయామశాల కింది అంతస్తులో ఉంది. పైకప్పు తక్కువ ఎత్తు, గోడలకు నీలం పలకలు, ఓ మూల జాలీ వెనక నీళ్ళు శుభ్రం చేసే పెద్ద పంపు. సిలిండరు బరువుకు మేస్త్రి గాటు మీది చర్మం లాగింది. టీచరు పట్టీలు వదులు చేసింది. మౌత్‌పీస్ పళ్ళ మధ్య బిగించి, మాస్క్ సర్దుకుని, మెట్ల మీద కూర్చుని మెల్లగా మునిగాడు.

తల నీళ్ల కిందికి పోగానే గుర్రుమనే హోరు చుట్టుముట్టింది. పీల్చినప్పుడు బుస్సు, వదిలినప్పుడు గళగళ. ఆయన అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టాడు. చెవి పెట్టాడు.

లేదు.

హోరు ఉంది. టిక్కు లేదు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన రోజు నుంచి మొదటిసారి, లేదు.

భుజం మీద ఒక చెయ్యి పడి ఆయన్ని కుదిపింది. టీచరు కళ్ళు మాస్కులో పెద్దవిగా కనిపించాయి. వేళ్ళతో బుడగలు చూపించింది. ఆయన ఊపిరి వదిలాడు. పైకి తేలాక ఆమె తిట్టిపోసింది. "బుడగలు ఆగిపోయాయి అంకుల్. ఎందుకు బిగబట్టారు?"

"వినడానికి."

"ఇక్కడ వినేదేముంది?"

"అదేనమ్మా. ఏమీ లేదు."

ఆమె ఆయన పట్టీలు మళ్ళీ సరిచూసింది. పక్కనే బావమరిది ఉక్కిరిబిక్కిరై గట్టు పట్టుకుని దగ్గుతున్నాడు. లోపల తాను మునిగినప్పుడల్లా కుడికాలితో నీళ్లను తొక్కుతున్నాడట, అందుకే గుండ్రంగా తిరిగిపోతున్నాడట. "బ్రేకు అందడం లేదు బావా" అన్నాడు. మేస్త్రి నవ్వాడు. చాలాకాలం తరవాత నవ్వాడు.

ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. ఆవిడ తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"అస్సలు వినపడలేదా?"

"అస్సలు."

ఆవిడ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ తరవాత ప్రతి క్లాసుకూ తువ్వాలు ఆవిడే మడిచి ఇచ్చింది.

ఇక్కడే జరిగింది పొరపాటు. పూల్ మూల జాలీ వెనక ఆ పెద్ద పంపు పగలంతా నడుస్తూనే ఉంది. పంపు ఆపించకుండా ఏనాడూ కడ్డీ ముట్టని మనిషి, పంపు ఆపమని ఒక్కసారి కూడా అడగలేదు. ఇంకెవరైనా ఈ తప్పు చేస్తే చెవి మేస్త్రి అక్కడికక్కడే చీవాట్లు పెట్టేవాడు.

సముద్రానికి వెళ్ళే రోజు వచ్చింది. ఎండ పల్చగా ఉంది, గాలి లేదు. చిన్న పడవ. పడవ నడిపేవాడు ఇంజను ఆపి, లంగరు వేసి, బోర్లించిన టోపీ కింద నిద్రకు పడ్డాడు. టీచరు తాడు వదిలింది. తాడు పట్టుకుని ఇసుక మేట దాకా దిగాలి, అక్కడ మోకాళ్ళ మీద కూర్చోవాలి, మళ్ళీ పైకి రావాలి. అంతే.

"మేట వెనక పల్లం ఉంది, అటు పోకూడదు. మేట మీదే, మీ డాక్టరు చెప్పిన లోతే" అంది. "చెవి బిగిస్తే చెయ్యి ఇలా ఊపండి, ఆగిపోదాం. సిగ్గుపడకండి. మాస్టారూ, మీరు అంకుల్ పక్క నుంచి కదలకూడదు."

"నా పెళ్ళిలో కూడా ఇంత దగ్గరగా ఎవరి పక్కనా కూర్చోలేదు" అన్నాడు బావమరిది. రెండు చేతులతో పడవ అంచు పట్టుకున్నాడు. అక్క మాట కోసం వచ్చాడు పాపం.

దిగారు. తల మునగగానే ఆకాశం ఊడిపోయింది. పచ్చటి వెలుతురు, తాడు, తాడు మీద మేస్త్రి చేతులు. బుస్సు, గళగళ. ముక్కు పట్టుకుని ఊదగానే కుడి చెవి తెరుచుకుంది. ఎడమ చెవి తెరుచుకోలేదు. ఇంకో చేతి పట్టు కిందికి జరిగాడు. ఎడమ చెవిలో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టుంది. చెయ్యి ఊపాలి. ఊపితే టీచరు ఆపేస్తుంది. ఆపితే మళ్ళీ ఎప్పుడో, ఏ వారమో. ఆయన చెయ్యి ఊపలేదు. గట్టిగా ఊదాడు. నొప్పి కాస్త సర్దుకున్నట్టే అనిపించింది.

ఇసుక మీద మోకాళ్ళు ఆనాయి. టీచరు వాళ్ళిద్దరికీ ఎదురుగా కూర్చుని బాగుందా అని సైగ చేసింది. ఇద్దరూ బాగుందని సైగ చేశారు. చుట్టూ ఏమీ లేదు. ఇసుక, ఇసుక మీద గీతలు, అవతల ముదురు నీలం.

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. బుడగలు గళగళ పైకి పోతున్నాయి. ఆ గోల కాసేపు ఆగాలి, అంతే. ఒక్క ఊపిరి. ఆయన ఊపిరి బిగబట్టాడు.

టిక్.

మొదట నమ్మలేదు. తన ఛాతీలోది కాదనిపించింది. గాలిలో ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది, చెయ్యి వేస్తే దొరుకుతుంది. ఇక్కడ దానికి దిక్కు లేదు. ముందు నుంచి, వెనక నుంచి, ఇసుకలోంచి, తాడులోంచి. సముద్రమే టిక్కుటిక్కుమంటోంది. లైబ్రరీలో కంటే, స్టోర్సు గదిలో కంటే, ఇనుప కడ్డీలో కంటే గట్టిగా.

అప్పుడు గుర్తొచ్చింది జాలీ వెనక పంపు. దాస్తుంది, చంపదు.

కళ్ళు తెరిచాడు. పక్కనే బావమరిది తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నాడు. ఏదో వింటున్నాడు. ఆ తల మెల్లగా మేస్త్రి వైపు తిరిగి, ఆయన ఛాతీ మీద ఆగింది. మాస్కు వెనక ఆ కళ్ళలో కనిపించిందేమిటో మేస్త్రికి బాగా తెలుసు. లైబ్రరీలో చూసిందే.

మేస్త్రి లేచాడు. ఎక్కడికో తెలియదు, దానికి దూరంగా. మేట అంచు దాటి నీలం వైపు కాళ్ళు ఆడించాడు. నేల వాలుగా కిందికి జారిపోతోంది, ఆయనా జారిపోయాడు. ఇంకొంచెం లోతుకు పోతే ఆగుతుందేమో. ఎడమ చెవిలో బొటనవేలు మేకు అయింది. ఇంకొంచెం. బావమరిది చెయ్యి కాలి మడమకు తగిలి జారిపోయింది.

చెవిలో ఏదో పటుక్కుమంది. చల్లటి నీళ్ళు తలలోకి దూరినట్టయింది. వెంటనే లోకం గిర్రున తిరిగింది. పైనేదో కిందేదో పోయింది. ఇసుక నెత్తి మీద కనిపించింది. అప్పటికీ ఊపిరి బిగబట్టే ఉన్నాడు. ఆ సుడిలో కూడా అది వినిపిస్తూనే ఉంది.

ఛాతీ మీది పట్టీలు ఎవరో పిడికిట్లో పట్టుకున్నారు. టీచరు. ఆమె ఆయన్ని పైకి లేపలేదు. ముందు రెండో చేత్తో ఆయన పొట్ట మీద గట్టిగా తట్టింది, మళ్ళీ తట్టింది, బుడగలు వచ్చేదాకా తట్టింది. వచ్చాక పైకి తీసుకెళ్ళింది, ఆయన కళ్ళలోకి చూస్తూ, తాను ఊపిరి వదిలి చూపిస్తూ, మెల్లగా. మాస్కులో ఎర్రగా ఏదో తిరుగుతోంది.

పడవలో ఎడమ చెవి నుంచి రక్తం మెడ మీదుగా కారింది. తువ్వాలు అదిమిపెట్టారు. భార్య మడిచి ఇచ్చిన తువ్వాలే. ఒక మడత తడిసింది, ఇంకో మడత తడిసింది. పడవ నడిపేవాడు టోపీ తీసి చూసి, ఏమీ అడగకుండా ఇంజను తిప్పాడు.

"నేను ఆపించాల్సింది" అంది టీచరు. "చెయ్యి ఎందుకు ఊపలేదు అంకుల్?"

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. బావమరిది ఆయన తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒడ్డు దగ్గర పడేదాకా ఆ నోరు తెరుచుకోలేదు. చివరికి వంగి, కుడి చెవిలో మెల్లగా అన్నాడు.

"నాకూ వినపడింది బావా."

"తెలుసు."

"నువ్వు రోజూ అలాగే వింటున్నావా?"

"అంత గట్టిగా కాదు."

రక్తం ఆగడానికి ఆసుపత్రిలో చాలాసేపు పట్టింది. చెవి డాక్టరు దీపం పెట్టి చూసి పెదవి విరిచాడు. కర్ణభేరి చిరిగింది. లోపలి ఎముకలు కదిలిపోయాయి. ఆపరేషన్ చేయాలంటే మాత్రలు ఆపాలి, మాత్రలు ఆపితే వాల్వులో గడ్డ కడుతుంది. గుండె డాక్టరు ఒప్పుకోడు. ఉన్నదాన్ని ఉన్నట్టు మాననివ్వాలి, అంతే. మళ్ళీ నీళ్లలో దిగే మాటే లేదు.

"ఈ చెవి ఎంతవరకు పనికొస్తుంది డాక్టరు గారూ?" అన్నాడు మేస్త్రి.

"బయటి మాట పెద్దగా వినపడదు."

"లోపలిది?"

డాక్టరు ఆయన ఛాతీ వైపు చూశాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "బయటి శబ్దం తగ్గితే లోపలి శబ్దం ఇంకా గట్టిగా వినపడుతుంది. చెవులు మూసుకుంటే మనం నమిలే చప్పుడు మనకే పెద్దగా వినపడుతుంది చూడండి, అలాగ."

తలుపు దగ్గర నిలబడ్డ బావమరిది, "కొండనాలుకకు మందేస్తే..." అని మొదలుపెట్టి, మిగతాది మింగేశాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. భార్య వీధి తలుపు తీసి పెట్టుకుని నిలబడి ఉంది. చెవికి కట్టు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. ఫోన్‌లో తమ్ముడు అంతా చెప్పే ఉంటాడు. ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, చెప్పులు విప్పి, ముందు ఎడమ పక్క నుంచి ఏదో అడిగింది. ఆయనకు పెదవుల కదలిక తప్ప ఏమీ తెలియలేదు. ఆవిడకు అర్థమై, కుడి పక్కకు వచ్చింది.

"కింద వినపడలేదు కదా?"

అదొక్కటే అడిగింది. చెవి గురించి అడగలేదు, రక్తం గురించి అడగలేదు. ఆవిడ చేతివేళ్ళు మంచం కోడును పట్టుకుని ఉన్నాయి.

"లేదు" అన్నాడు మేస్త్రి. "అక్కడ ఏమీ లేదు."

ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "నిజమేనా?"

బావమరిది కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. కుడికాలు నేలను తొక్కి పట్టింది. "బుడగల గోలలో నాకేం తెలుస్తుంది అక్కా. బావ చెప్తున్నాడుగా" అన్నాడు. అని లేచి, స్కూల్లో ఎవరో ఎదురుచూస్తున్నారని చెప్పి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆవిడ వీధి తలుపు మూసి వచ్చింది. తరవాత అంది, "ఒక్కచోట ఆగిందంటే, ఎప్పటికో ఒకప్పటికి అంతటా ఆగుతుంది. సర్జన్ చెప్పలేదూ, అలవాటైపోతుందని."

"అవుతుంది" అన్నాడు ఆయన.

ఆవిడ ముందుగదిలోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో తన తలగడ ఉంది. దాన్ని ఆయన తలగడ పక్కన పెట్టి, దులిపి, సర్దింది. ఆపరేషన్ అయిన తరవాత కొన్నాళ్ళకు తీసుకెళ్ళిన తలగడ, ఈరోజు వెనక్కి వచ్చింది. వద్దు అనడానికి మేస్త్రి దగ్గర మాట లేదు. ఇప్పుడే చెప్పిన మాట ఆ దారి మూసేసింది.

"కాసేపు పడుకోండి. నేనూ నడుం వాలుస్తాను."

కిటికీ తెర లాగింది. ఆయన కుడి పక్కన, గోడ వైపు తిరిగి పడుకుంది.

మేస్త్రి వెల్లకిలా పడుకున్నాడు. ఎడమ చెవిలో లోకం లేదు. వీధిలో పోయే బండి, పక్కింటి కుళాయి, ఏమీ లేవు. ఆ ఖాళీ నిండా అదే, డాక్టరు చెప్పినట్టే, ముందుకంటే పెద్దగా. పక్కకు తిరిగితే కుడి చెవి తలగడలో మూసుకుపోయి ఇంకా పెరిగింది. మళ్ళీ వెల్లకిలా తిరిగాడు. కదిలితే ఆవిడ లేస్తుందని అక్కడితో ఆగిపోయాడు. నిద్రపోయినట్టు ఉండాలని ఊపిరి నిదానంగా, లోతుగా తీయడం మొదలుపెట్టాడు.

ఆవిడ ఊపిరి కూడా నిదానంగా, లోతుగా వినిపిస్తోంది.

మిగిలిన ఒక్క చెవితో ఆయన ఆ ఊపిరిని విన్నాడు. పీల్చడం, వదలడం, రెండూ సరిగ్గా ఒకే కొలతలో ఉన్నాయి. నడుమ ఎక్కడా తడబాటు లేదు, గురక లేదు, దొర్లడం లేదు. నిద్రపోయేవాళ్ళ ఊపిరి అలా ఉండదు. ఎంత చెవి పోయినా ఆ మాత్రం తెలుసు ఆయనకు.

తన ఊపిరిని కూడా అదే కొలతలో నడుపుతూ, సాయంత్రం దాకా పడుకుని ఉన్నాడు.